చెన్‌స్తొహోవా వెళ్తే ఒక రాత్రి ఉండండి: యస్నా గూరా యాత్రకు సమగ్ర మార్గదర్శి

క్రాకోవ్‌లో చదువుకునే రోజుల్లో ఒక శనివారం పొద్దున్నే రైలెక్కి, పోలండ్‌లో ప్రతి ఇంట్లోనూ కనిపించే ఆ నల్ల మరియ మాత అసలు చిత్రం చూద్దామని చెన్‌స్తొహోవా వెళ్లాను. గుడికి చేరేసరికి ఒంటిగంట దాటి పది నిమిషాలు. బలిపీఠం దగ్గర జనం మోకాళ్ల మీద ఉన్నారు. చిత్రం మాత్రం లేదు. దాని చోట నగిషీలు చెక్కిన పెద్ద వెండి పలక ఒకటి మూసి ఉంది. వెండితెర అంటే మనకు సినిమా. ఇక్కడ నిజంగానే వెండి తెర, 1673లో చేయించింది. రోజుకు రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు పడుతుంది. అది పడ్డాక నేను వెళ్లాను. రెండుంబావుకి తిరుగు రైలు. ఇంతదూరం వచ్చి వెండి పలక చూసి వెనక్కొచ్చాను.

తప్పు పూర్తిగా నాదే, వేళలు చూసుకోలేదు. ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాను, ప్రతిసారీ రాత్రి అక్కడే ఉన్నాను. ఈ ఊరికి రెండు గంటల టైమిచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. వాళ్లు చూసేది కట్టడం. యస్నా గూరా అసలు రూపం మాత్రం రాత్రి 9కి, తెల్లవారి 6కి కనిపిస్తుంది. అందుకే కింద రాసిన ప్లాన్ అంతా ఆ రెండు వేళల చుట్టూనే వేశాను.

ముందు ఊరి సంగతి కొంచెం

రాసేది ఒకటి, పలికేది ఒకటి. స్పెల్లింగ్ చూసి చదివితే ఎవరికీ అర్థం కాదు. ‘చెన్‌స్తొహోవా’ అనండి, ‘హో’ మీద ఒత్తు పెట్టండి. యస్నా గూరా అంటే వెలుగు కొండ. కొండ అన్నాం కదా అని తిరుమలను ఊహించుకోవద్దు. సముద్రమట్టానికి 293 మీటర్ల ఎత్తున ఉన్న సున్నపురాతి దిబ్బ అది. ఊళ్లోంచి నడిస్తే ఎత్తు ఎక్కుతున్నట్టు కూడా పెద్దగా తెలియదు.

ఊరు దక్షిణ పోలండ్‌లో, వార్తా నది ఒడ్డున ఉంది. కొండ మీది మఠాన్ని 1382లో హంగరీ నుంచి వచ్చిన పౌలిన్ సన్యాసుల కోసం ఒపోలె రాజకుమారుడు వ్వదిస్వావ్ స్థాపించాడు. తెల్లటి అంగీలు వేసుకుని తిరిగేది వాళ్లే. వాళ్ల పేరులోని పౌలు, బైబిల్లో లేఖలు రాసిన పౌలు ఒకరు కారు. ఈయన ఈజిప్టు ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసిన వేరే పౌలు. రెండేళ్ల తర్వాత, 1384లో చిత్రం కొండ మీదికి చేరిందని చెబుతారు. సువార్త రాసిన లూకా, నజరేతులో మరియమ్మ ఇంటి భోజనబల్ల చెక్క మీద దాన్ని గీశాడని భక్తుల నమ్మకం.

మొదటి పని: రోజు ఎంచుకోవడం

పంచాంగం చూసినట్టు ఇక్కడా తేదీలు చూసుకోవాలి. మే 3న ‘పోలండ్ రాణి’ పండగ. ఆగస్టు 15న మరియ మాత మోక్షారోపణ పండగ, ఆ రోజు దేశమంతా సెలవు. ఆగస్టు 26న ఈ చిత్రం పేరు మీదే పండగ. ఈ మూడు రోజుల్లో కొండ నిండా జనం ఉంటారు. హోటల్ గదులు నెలల ముందే అయిపోతాయి. జనసంద్రమే చూడాలనుకుంటే ఆగస్టు 13, 14 తేదీలకు మించినవి లేవు. కాలినడక యాత్రికులు పాటలు పాడుకుంటూ గుంపులు గుంపులుగా వచ్చే రోజులవి. చిత్రం ముందు కాసేపు ప్రశాంతంగా నిలబడాలంటే మాత్రం అక్టోబర్‌లోనో, మార్చిలోనో మామూలు మంగళవారం వెళ్లండి. నా ఓటు దానికే.

చలికాలం వెళ్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి. డిసెంబర్‌లో అక్కడ తెల్లారేది ఏడున్నర దాటాకే. 6 గంటల దర్శనానికి చీకట్లో, మంచులో నడవాలి. మంచి పట్టున్న బూట్లు లేకపోతే నడుం విరుగుతుంది.

రెండో పని: రైలు, స్టేషన్ల తికమక

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా యూరో వాడదు, డబ్బు జ్వొతీల్లో నడుస్తుంది. మార్చుకునేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కౌంటర్ జోలికి పోకండి, ఊళ్లో ‘కాంతోర్’ అని బోర్డు ఉన్న చోట రేటు మెరుగ్గా ఉంటుంది. చాలాచోట్ల కార్డే చెల్లుతుంది. కొవ్వొత్తులకు, కానుక పెట్టెకు మాత్రం చిల్లర ఉంచుకోండి.

వార్సా నుంచి రైల్లో రెండు, రెండున్నర గంటలు. క్రాకోవ్ నుంచి రెండు గంటల లోపే, కొన్ని రైళ్లు ఇంకా తొందరగా చేరుస్తాయి. కతొవీత్సె నుంచి ప్రాంతీయ రైళ్లు తరచుగా ఉంటాయి. దగ్గరి ఎయిర్‌పోర్ట్ కూడా కతొవీత్సెదే.

వార్సాలోనో, లూజ్‌లోనో, వ్రొత్స్వావ్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. పోలండ్ యూనివర్సిటీ స్టూడెంట్ కార్డు ఉండి 26 ఏళ్లు నిండనివాళ్లకు రైలు టికెట్‌లో 51 శాతం తగ్గింపు ఉంది. టికెట్ కొనేటప్పుడే ఆ ఆప్షన్ ఎంచుకోవాలి, రైల్లో కార్డు చూపించాలి. కార్డు ఇంట్లో మర్చిపోతే జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు తికమక సంగతి. ఊళ్లో ఒకటి కంటే ఎక్కువ స్టేషన్లున్నాయి. ఊరి నడిబొడ్డున ఉన్నదాని పేరు ఉత్త ‘చెన్‌స్తొహోవా’. కొన్ని దూరప్రాంతపు రైళ్లు అక్కడికి రావు, ‘చెన్‌స్తొహోవా స్త్రాదొమ్’ అనే ఇంకో స్టేషన్‌లో ఆగి వెళ్లిపోతాయి. రెండోసారి వెళ్లినప్పుడు నేను స్త్రాదొమ్‌లో దిగి, ఎదురుగా పెద్ద వీధి ఎందుకు కనిపించడం లేదా అని పావుగంట తిరిగాను. అక్కణ్ణుంచీ కొండకు నడవొచ్చు, దూరం పెద్ద తేడా లేదు. కాకపోతే ఊరిని చూస్తూ వెళ్లే దారి తప్పిపోతుంది. టికెట్ మీద స్టేషన్ పూర్తి పేరు చూసుకోండి.

మూడో పని: బస

కొండ పక్కనే పౌలిన్ సన్యాసులు నడిపే యాత్రికుల వసతి గృహం ఉంది, పేరు ‘దొమ్ ప్యెల్‌గ్‌జీమా’. మన దేవస్థానం సత్రాల్లాగే గదులు సాదాగా, శుభ్రంగా ఉంటాయి. టీవీ, మినీబార్ లాంటివి ఆశించకండి. పొద్దున 6కి గుడిలో ఉండాలంటే ఇంతకంటే దగ్గర మరొకటి దొరకదు. అది నిండిపోతే చుట్టుపక్కల వీధుల్లో చిన్న హోటళ్లున్నాయి. స్టేషన్ దగ్గర గది చవగ్గా దొరికినా తీసుకోవద్దంటాను. రాత్రి తొమ్మిదిన్నరకు, మళ్లీ తెల్లారి అయిదున్నరకు అరగంట నడక ఎవరికైనా విసుగే.

నాలుగో పని: నడిచి కొండ చేరడం

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు ఊళ్లో దిగేలా చూసుకోండి. సామాను తేలిగ్గా ఉంటే టాక్సీ వద్దు. స్టేషన్ బయటికి వచ్చి కొంచెం నడిస్తే మరియ మాత పేరు పెట్టిన రాజవీధి తగులుతుంది. మూడు భాగాలుగా, గీత గీసినట్టు తిన్నగా, రెండు వైపులా చెట్లతో ఒకటిన్నర కిలోమీటరు పొడవు ఉంటుంది. ఎడమకు తిరగండి. తిరగ్గానే చివరన గుడి గోపురం కనిపిస్తుంది. గోపురం అంటే మన గోపురం కాదు, సన్నగా పైకి సాగిన గంట బురుజు. ఎత్తు 106 మీటర్లు. నడుస్తుంటే అది కొంచెం కొంచెంగా పెద్దదవుతూ వస్తుంది. కాలినడక యాత్రికులకు రోజుల తరబడి నడిచాక ఎదురయ్యే ఆఖరి దారి ఇదే. కొందరు దాన్ని చూడగానే ఏడ్చేస్తారు.

తినాలనుకుంటే ఈ వీధిలోనే తినేయండి, పైన రద్దీ. ‘బార్ మ్లెచ్‌నీ’ అనే సెల్ఫ్ సర్వీస్ మెస్సులు కనిపిస్తే చవకలో కడుపు నిండుతుంది. శాకాహారులకు పియెరోగీ రుస్కియె బాగా నప్పుతుంది. మన కజ్జికాయ ఆకారంలో ఉడికించిన మైదాపిండి, లోపల బంగాళాదుంప, పనీర్ లాంటి జున్ను కలిపిన ముద్ద. ఇక్కడే ఒక చిక్కుంది. శాకాహారమే కదా అని ప్లేటు అందుకుంటే, పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి ఇస్తారు. ఆర్డర్ చెప్పేటప్పుడే ‘బెస్ స్క్వారెక్’ అనండి, ఆ ముక్కలు వద్దని అర్థం. జూరెక్ అనే పుల్లటి సూప్ వాసనకు పులిసిన గంజి గుర్తొస్తుంది కానీ, మామూలుగా అందులో సాసేజ్ ఉంటుంది. జున్ను పెట్టిన అట్టు, నలెష్నికీ, పిల్లలకు నచ్చుతుంది.

ఆదివారం వెళ్తుంటే నీళ్లు, బిస్కెట్లు ముందురోజే కొనుక్కోండి. 2018 నుంచి ఆదివారాల్లో పెద్ద షాపులు చాలావరకు మూసే ఉంటున్నాయి.

అయిదో పని: కోటలోకి

అవును, కోటే. గుడి చుట్టూ మందపాటి గోడలు, నాలుగు మూలలా బురుజులు. ఒకదాని వెనక ఒకటి ద్వారాలు దాటుకుంటూ లోపలికి వెళ్తారు. 1655లో స్వీడన్ సైన్యం పోలండ్‌ను దాదాపు మొత్తం ఆక్రమించుకుని ఇక్కడికి వచ్చింది. మఠాధిపతి అవుగుస్తిన్ కొర్దెత్స్కి లొంగనన్నాడు. సుమారు 40 రోజులు ముట్టడించి, స్వీడన్ సైన్యం క్రిస్మస్ మర్నాడు రాత్రి వెనక్కి వెళ్లిపోయింది. సైనికంగా అది చిన్న సంఘటనే. దేశం మనసులో మాత్రం పెద్ద మలుపు. మర్నాటి ఏడాదే, 1656 ఏప్రిల్ 1న, రాజు యాన్ కజిమీర్ మరియ మాతను పోలండ్ రాణిగా ప్రకటించాడు. ఆ మాట అప్పటి నుంచి పోలిష్ నోళ్లలో నానుతూనే ఉంది.

లోపల మర్యాదలు మనకు కొంచెం తలకిందులుగా ఉంటాయి. చెప్పులు విప్పక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీసేయాలి. ఆడవాళ్లు తల కప్పుకోవడం తప్పనిసరి కాదు. భుజాలు, మోకాళ్లు మాత్రం అందరికీ కప్పి ఉండాలి, ఆగస్టు ఎండలోనైనా అంతే. దర్శనానికి టికెట్ లేదు, స్పెషల్ క్యూ లేదు. తోపులాట లేకుండా జనం కదులుతారు. ముందుకు వెళ్లాలంటే ‘ప్షెప్రాషమ్’ అని నెమ్మదిగా అంటే చాలు. పూజ జరుగుతుండగా కెమెరా బయటికి తీయొద్దు, ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. కాథలిక్కులు కానివాళ్లు పూజకు కూర్చోవచ్చు. దివ్య సత్ప్రసాదం పంచేటప్పుడు మాత్రం వరసలో నిలబడకూడదు. అది తిరుపతి లడ్డూలా అందరికీ పంచే ప్రసాదం కాదు.

ఈ సాయంత్రం ముందే చిత్రం ఉన్న చిన్న చాపెల్లోకి వెళ్లకండి. పక్కనున్న పెద్ద చర్చి, మ్యూజియం గదులు చూడండి. నిధి గది తెరిచి ఉంటే వదలొద్దు. రాజులిచ్చిన బంగారం కంటే, నాజీ క్యాంపుల్లో ఖైదీలు రొట్టెతో చేసుకున్న జపమాలల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను. ఆకలితో చచ్చేచోట తినాల్సిన రొట్టెను మిగిల్చి, నలిపి, పూసలు చేశారు. కమ్యూనిస్టు కాలపు కార్మిక నాయకుడు లెఖ్ వావెన్సా తనకు 1983లో వచ్చిన నోబెల్ శాంతి పతకాన్ని ఇక్కడ ఇచ్చేశాడు, అది మరో మ్యూజియంలో ఉంటుంది. చిత్రకారుడు యెజి దూదా-గ్రాచ్ ఇదే ఊళ్లో పుట్టినవాడు. యేసు సిలువ మోసిన ఘట్టాలను, అంటే సిలువ మార్గాన్ని, ఆయన ఇప్పటి మనుషుల మొహాలతో గీసిన 18 పెద్ద చిత్రాలు చర్చి పై అంతస్తులో ఉన్నాయి. జనం తెలియక వదిలేస్తారు, మెట్లెక్కి చూడండి.

రాత్రి 9: అపెల్

ఎనిమిదిన్నరకల్లా చాపెల్లో ఉండండి. గది చిన్నది, మధ్యలో ఇనుప కటకటాలు, వాటికి అవతల చిత్రం. గోడలు కనిపించనంతగా మొక్కుబడులు వేలాడుతుంటాయి. వెండి హృదయాలు, అంబర్ పూసల దండలు, నడక వచ్చాక వదిలేసిన చంకకర్రలు. గుణదల మాత దగ్గరో, వేళాంగణ్ణిలోనో చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భాష ఒక్కటే వేరు.

సరిగ్గా 9కి అందరూ లేచి నిలబడి పాడతారు. నీ దగ్గరే ఉన్నాను, మరవలేదు, మేలుకునే ఉన్నాను అని రాణికి హాజరు చెప్పుకోవడం అది. ‘అపెల్’ అంటే హాజరు పిలుపే. 1953 డిసెంబర్ 8న మొదలైంది. అప్పటికి కమ్యూనిస్టు ప్రభుత్వం పోలండ్ కాథలిక్ చర్చి పెద్ద కార్డినల్ విషిన్‌స్కిని నిర్బంధించి రెండు నెలలు దాటింది. ఆయన విడుదల కోసం మొదలుపెట్టిన ప్రార్థన, ఆయన విడుదలయ్యాక కూడా ఒక్క రాత్రి మానలేదు. పోలండ్‌లో చాలా ఇళ్లలో ఇదే వేళకు రేడియోలోనో, టీవీలోనో పెట్టుకుంటారు. మొత్తం ఇరవై నిమిషాలు. చివర్లో బాకాలు మోగుతుండగా వెండి తెర కిందికి దిగుతుంది. ఎవరూ వెంటనే కదలరు. మీరూ కదలకండి.

తెల్లవారి 6: తెర లేవడం

అలారం అయిదుకు. పావు తక్కువ ఆరుకల్లా కటకటాల దగ్గర చోటు దొరికితే అదృష్టమే. రాత్రి ఉన్న జనంలో సగం కూడా ఉండరు. చీపురు పట్టుకొచ్చిన పనివాళ్లు, డ్యూటీకి వెళ్లబోయే నర్సులు, ఊరి ముసలమ్మలు. ఆరు కొట్టగానే బాకాలు, డోలు ఒక్కసారిగా మోగుతాయి. అందరూ మోకాళ్ల మీదికి. తెర ఆగి ఆగి పైకి లేస్తుంటే ముందు బిడ్డ పాదాలు, తర్వాత అమ్మ చేయి, చివరికి ముఖం కనిపిస్తాయి.

చిత్రం అనుకున్నదానికంటే చిన్నది. సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తు, 82 వెడల్పు. రత్నాలతోనో, అంబర్‌తోనో చేసిన కవచం తొడుగుతారు కాబట్టి ముఖాలు, చేతులు లాంటివే బయటికి కనిపిస్తాయి. మన విగ్రహాలకు అలంకారం చేసినట్టే. కవచాలు కూడా మారుస్తుంటారు. ఆవిడ కుడి చెంప చూడండి. సమాంతరంగా రెండు గాట్లు, వాటిని కోస్తూ ఇంకొకటి. 1430లో దొంగలు మఠం మీద పడి, చిత్రాన్ని ఎత్తుకెళ్లి పగలగొట్టి కత్తితో గీశారు. క్రాకోవ్‌లో రాజు యగీవ్వో కొలువులో దాన్ని బాగుచేయించారు. గాట్లను మాత్రం అలాగే కనిపించనిచ్చారు. ఈ దేశంలో మీరు చూసే ప్రతి నకలులో, ఫ్రిజ్ మీద అంటించుకునే మాగ్నెట్‌లో కూడా ఆ గాట్లుంటాయి.

నకలు అంటే గుర్తొచ్చింది. 1957 నుంచి ఈ చిత్రం నకలు ఒకటి ఊరూరా తిరిగేది. 1966లో పోలీసులు దాన్ని పట్టుకుని ఇక్కడే ఉంచేసి, బయటికి తీయొద్దన్నారు. అప్పుడు జనం ఖాళీ చట్రాన్ని ఊరేగించారు. అందులో బొమ్మ లేదు, పక్కన కొవ్వొత్తి మాత్రం వెలుగుతూ ఉండేది. 1972 దాకా అలాగే తిరిగింది.

దర్శనం అయ్యాక బలిపీఠం చుట్టూ మోకాళ్ల మీద ప్రదక్షిణ చేసే వాళ్లతో కలవొచ్చు. రాతి నేల మీద శతాబ్దాల మోకాళ్లు గాడి చేశాయి. నొప్పి ఓర్చుకోలేనివాళ్లు నడిచి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు.

మధ్యాహ్నం సుమారు 12కి తెర దిగి, ఒకటిన్నరకు మళ్లీ లేస్తుంది. శని, ఆదివారాలు, పండగల్లో ఒంటిగంటకు దిగి రెండుకు లేస్తుంది. నేను ఇరుక్కున్నది ఆ గంటలోనే.

కాలినడకన రావాలంటే

ఇది వేరే యాత్ర, కానీ అడిగేవాళ్లు ఉంటారు. వార్సా నుంచి 1711 నుంచి ఏటా జనం నడిచి వస్తున్నారు. ఆ ఏడాది ప్లేగు వ్యాపించినప్పుడు మొక్కుకున్న మొక్కు. ఆగస్టు 6న బయల్దేరి 14న చేరతారు, దాదాపు 250 కిలోమీటర్లు. క్రాకోవ్ నుంచి వచ్చే బృందం కూడా ఆగస్టు 6నే బయల్దేరుతుంది, దానికి ఆరు రోజులు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పెద్ద సంచీ లారీలో వస్తుంది, భుజాన నీళ్లు, రెయిన్‌కోట్, టోపీ చాలు. నడిచినన్ని రోజులూ ఎంత ముసలివారైనా అందరూ ‘బ్రదర్, సిస్టర్’ అనే పిలుచుకుంటారు. దారిలో పల్లెవాళ్లు గేటు ముందు బల్లలు వేసి పళ్లరసం, బన్నులు, సూప్ పెడతారు. రాత్రికి టెంటో, ఎవరి ధాన్యపు కొట్టమో.

అలిపిరి 3,550 మెట్లు ఎక్కాను, ఇదెంత అనుకోకండి. అది కొన్ని గంటల పని. ఇక్కడ మూడో రోజుకు పాదాల్లో బొబ్బలు వస్తాయి, అయినా నాలుగో రోజు పొద్దున్నే లేచి నడవాలి. కొత్త బూట్లతో అసలు రాకండి. రెండు నెలలు వాడిన బూట్లు, ఒకదాని మీద ఒకటి రెండు జతల సాక్సులు. బొబ్బ వస్తే మీరు గిల్లకుండా బృందంతో వచ్చే వైద్య సిబ్బందికి చూపించండి.

మిగిలిన పూట

ఎనిమిదికల్లా టిఫిన్ చేస్తే పగలంతా మీదే. వేసవిలో గంట బురుజు ఎక్కనిస్తారు. అందులో మొత్తం 516 మెట్లున్నాయి. కోట గోడ వెంట సిలువ మార్గం శిల్పాలు పొద్దుటి ఎండలో బాగుంటాయి. తర్వాత రాజవీధి మీదుగా కిందికి దిగి, స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న అగ్గిపెట్టెల మ్యూజియం చూడండి. 1880ల నాటి ఫ్యాక్టరీ, పాత యంత్రాలు అక్కడే ఉన్నాయి. శివకాశి పెట్టెలు పోగేసిన చిన్నతనం ఉన్నవాళ్లు బయటికి రారు.

ఊళ్లోని ఫిల్హార్మోనిక్ సంగీత భవనం ముందు ఒక్క నిమిషం ఆగండి. అక్కడ ఒకప్పుడు యూదుల ప్రార్థనా మందిరం ఉండేది, 1939 క్రిస్మస్ రోజున తగలబెట్టారు. 1942లో ఈ ఊరి యూదుల్లో ఎక్కువమందిని రైళ్లలో నాజీల మరణ శిబిరం ట్రెబ్లింకాకు పంపి చంపేశారు. యాత్రికుల కరపత్రాల్లో ఈ చరిత్ర కనబడదు.

ఇంకో రోజు ఉంటే ఊరికి తూర్పున ఓల్ష్టిన్ అనే పల్లెలో సున్నపురాతి గుట్ట మీద పాడుబడ్డ కోట ఉంది, సిటీ బస్సులో వెళ్లొచ్చు. ఫోన్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త, ఇదే పేరుతో ఉత్తర పోలండ్‌లో పెద్ద నగరం ఉంది. రైలు టికెట్ దానికి కొన్నారంటే దేశం ఆ చివరికి వెళ్తారు.

తిరుగు రైలు మధ్యాహ్నం పన్నెండు తర్వాతే పెట్టుకోండి. అది ఏ స్టేషన్ నుంచి బయల్దేరుతుందో టికెట్ మీద ఇంకోసారి చూసుకోండి.